చెకింగ్ గడిలో సంతకం

"ఈ శ్లాబు మొత్తం ఒకే పలకలా కదులుతుందని మీకెవరు చెప్పారండీ?"

భవనాల డిజైన్లు గీసే ఆ ఆఫీసులో అతను చేరిన మొదటి రోజే ఆమె అడిగిన మాట అది. డ్రాయింగులు తనిఖీ చేసి సంతకం పెట్టేది ఆమే. వెనకాల అందరూ ఆమెను ఎర్రపెన్ను అనేవారు.

"సాఫ్ట్‌వేర్ చెప్పిందండీ."

"దానికి చెప్పింది మీరేగా!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా ఆ సాయంత్రం వానలో ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్‌స్టాపు దాకా నడిచారు. గొడుగు ఆమెది, తడిసింది అతను. ఏడాది తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ అయ్యాక, పై వారం ఆదివారం ఆవిడకు పరిచయం చేస్తానంది కూడా.

సరిగ్గా ఆపరేషన్ వారమే లైబ్రరీ బిల్డింగు వచ్చిపడింది. రెండు పెద్ద హాళ్ళు, మధ్యలో మెట్ల కోసం వదిలిన ఖాళీ, పక్కగా రెండు హాళ్ళనూ కలిపే సన్నటి శ్లాబు పట్టీ. తొందరలో అతను అంతస్తు మొత్తాన్ని రిజిడ్ డయాఫ్రమ్ అని పెట్టేశాడు. అంటే భూకంపమొచ్చినా శ్లాబు సాగదు, వంగదు, అంతా కలిసే కదులుతుందని లెక్క. అలా పెడితే ఆ పట్టీని హాళ్ళు రెండూ ఎంత గట్టిగా లాగుతాయో కంప్యూటర్ చూపించనే చూపించదు.

శుక్రవారం డ్రాయింగులు వెళ్ళాలి. ఆమె వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కని సెలవు పెట్టింది. ఒక్క ఫోన్ చేస్తే పోయేది. ప్రేమలో పడ్డవాడికి బుద్ధి ఏ గడ్డి తింటుందో గాని, ఆమెను ఇబ్బంది పెట్టడమెందుకని షీటు మూలన తనిఖీ చేసినవాళ్ళు సంతకం పెట్టే చెకింగ్ గడిలో ఆమె సంతకం తనే గీకేశాడు.

సోమవారం ఆమె ఆ షీటు తెచ్చి అతని టేబుల్ మీద పరిచింది.

"ఇది నేను పెట్టలేదు."

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు కదా... నీకు మాట రాకూడదని..."

"శ్లాబు కాస్త సాగేలా సెమీ రిజిడ్ పెట్టి చూశాను. ఆ పట్టీ చీలిపోతోంది. దానిమీద పిల్లలు నడుస్తారు. కింద నా పేరుంది."

"ఇప్పుడే వెళ్ళి సార్‌కి చెప్తాను. అంతా సరిచేస్తాను. మన సంగతి దీనికి ముడిపెట్టకు, ప్లీజ్."

"ఏడాది పక్కన కూర్చుని నా సంతకం నేర్చుకున్నావు. నేనది ఎందుకు పెడతానో మాత్రం నేర్చుకోలేదు."

అతను సార్ దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాడు. చీవాట్లు తిన్నాడు. డ్రాయింగులు వెనక్కి తెప్పించి, పట్టీ మందం పెంచి, ఇనుము పెంచి, వారమంతా కూర్చుని మళ్ళీ గీశాడు. తప్పు దిద్దుకున్నాడు కదా, ఆమె మనసు కరుగుతుందని ఆశ.

ఆదివారం జోరున వాన. షీట్లను ప్లాస్టిక్ కవరులో చుట్టి, తను మాత్రం నిలువునా తడిసి, వాళ్ళింటి తలుపు తట్టాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఒక్కో అంకే చూసింది. ఎర్రపెన్ను అవసరమే పడలేదు. చెకింగ్ గడిలో సంతకం పెట్టింది.

"బాగా చేశారు."

లోపల కంటికి కట్టుతో పడుకున్న వాళ్ళమ్మ గొంతు వినిపించింది.

"ఎవరే? నువ్వు చెప్పిన అబ్బాయేనా?"

ఆమె షీట్లు చుట్టి అతని చేతికిచ్చింది.

"కాదమ్మా. ఆఫీసాయన. సంతకం కోసం వచ్చారు."