వైన్ మీద నెట్టిన మాట

మొదటి గ్లాసు సగమైందో లేదో, ముని మాట్లాడటం మొదలుపెట్టాడు.

హాస్టల్లో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా వేలు చూపించే రకం. అలాంటివాడు సోఫాలో వెనక్కి వాలి, ఎదురుగా కూర్చుని రాసుకుంటున్న అమ్మాయిని సూటిగా చూశాడు.

"రీడింగ్ రూమ్‌లో ఫ్యాన్ కింద సీటు మీకు రోజూ ఖాళీగా ఎలా దొరుకుతోందో ఎప్పుడైనా ఆలోచించారా?"

"లేదండీ," అంది డాక్టరమ్మ. ఆమె సైకాలజీలో పరిశోధన చేస్తోంది. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు కానీ, వాళ్ళమ్మ ఫోన్లో అప్పుడే అలా పిలవడం మొదలుపెట్టింది. విన్న స్నేహితులు ఊరుకుంటారా?

"ముందే వచ్చి నేను కూర్చుంటాను. మీరు మెట్లెక్కడం చూసి లేచి ఎదుటి కుర్చీకి మారతాను. ఉక్కకి చచ్చిపోతున్నాననుకోండి, అది వేరే సంగతి. ఇంకోటి, మీరు పెన్ను మూత కొరుకుతారు. ఆ మూతంటే నాకు కుళ్ళు."

పక్కనున్న రూమ్మేట్ అతని మోకాలు గిల్లాడు. ప్రతిదానికీ వాదనకి దిగుతాడని అతన్ని లాయర్ అంటారు. "ఒరేయ్, నీకు ఎక్కేసిందిరా!"

"ఎక్కనీ. నువ్వంటే ఇష్టమని చెప్పడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు."

"నేనా?"

"నువ్వు కాదురా. ఆవిడ."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. సిగ్గుతో కాదు, ఇంకా అంతదాకా రాలేదు. అతని గ్లాసులో వైన్ లేదు కనుక.

ఆమె పరిశోధన విద్యార్థుల వైన్ అలవాట్ల మీద. వైన్ తాగినవాళ్ళు చేసే హడావిడిలో వైన్ వాటా ఎంత, తాగామన్న నమ్మకం వాటా ఎంత అన్నది ప్రశ్న. ల్యాబులో ఒక మూల సోఫాలు వేసి, పసుపు దీపం పెట్టి, ఎవరింటి హాలో అనిపించేలా సర్దింది. సీసాల్లో పోసింది ద్రాక్షరసం, చల్లారిన టీ డికాషన్, కాస్త వెనిగర్. వాసన కోసం అసలు వైన్‌లో తడిపిన దూదితో గ్లాసుల అంచులు తుడిచేది. అంతే.

అదే చాలింది. ఒకడు గ్లాసు గిరగిరా తిప్పి, కళ్ళు మూసుకుని, "చెక్క పీపాలో నిలవ చేసిన రుచి ఇట్టే తెలిసిపోతుంది" అన్నాడు. ఒకమ్మాయి "నేను మందు ముట్టనక్కా, వైన్ మాత్రమే" అని ఆచారం చెప్పింది. వైన్ గుండెకి మంచిదని ఎక్కడో విన్న ఇంకొకడు గుండె మీద చెయ్యేసుకుని మళ్ళీ మళ్ళీ పోయించుకున్నాడు.

అందరినీ నవ్వు ఆపుకుంటూ చూసింది. మునిని చూసి మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే అతను డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వెంట లాయర్.

"నిన్న మాట్లాడింది నేను కాదండీ," అన్నాడు ముని, మెట్లకేసి చూస్తూ. "వైన్."

"అలాగా! బాగా ఎక్కిందా?"

"తెల్లారేసరికి తల పగిలిపోయింది. నిమ్మరసం తాగితే గానీ దిగలేదు."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. లాయర్ అందుకున్నాడు. "హాస్టల్ దాకా భుజం పట్టుకుని నేనే నడిపించానండీ. దారిలో కరెంటు స్తంభానికి దణ్ణం పెట్టాడు."

"నువ్వూరుకోరా!"

"అయితే ఆ ఫ్యాను, ఆ పెన్ను మూత..." ఆమె మెల్లగా అడిగింది. "అవన్నీ ఉత్తిదేనా?"

ముని ఒక మెట్టు వెనక్కి దిగాడు. "తాగినవాడి మాటకి విలువేముందండీ. మర్చిపోండి."

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమెకి ఒళ్ళు మండింది. నీ గ్లాసులో ఏమీ లేదు బాబూ అని ఒక్క మాట అంటే పోయేది. అనకూడదు. చివరి బృందం వంతు అయ్యేదాకా ఆ రహస్యం ఎవరికీ చెప్పరాదన్నది పరిశోధన నియమం. కొన్ని వివరాలు చివర్లో చెబుతామని అందరి దగ్గరా ముందే ఒప్పుకోలు తీసుకుంది కూడా.

ఆ రోజు నుంచి ఫ్యాన్ కింద సీటు కోసం ఆమే అందరికన్నా ముందు రావలసి వచ్చింది. ఎదుటి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. గాలి ధారాళంగా తగులుతున్నా ఆమెకి ఒక్క పేజీ ముందుకి సాగలేదు.

అసలు భయం వేరే ఉంది. అందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి నిజం చెప్పే రోజు వస్తుంది. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వులో మొహం చెల్లక ముని ఇక జన్మలో ఆమె వంక చూడడేమో!

ఆమె గైడ్ దగ్గరికి వెళ్ళింది.

"ఒకతని వివరాలు లెక్కలోంచి తీసేయాలి మేడమ్."

అప్పటికే ఆమె నోట్సన్నీ చదివేసిన మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "కరెంటు స్తంభానికి దణ్ణం పెట్టినవాడా? అందరికన్నా గొప్పగా ఊగింది అతనే కదమ్మా! ఎందుకు తీసేయడం?"

"అతని విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను."

మేడమ్ చిరునవ్వు దాచుకుంది. "ఈ సంగతి అతనికి తెలుసా?"

"లేదు మేడమ్. వైన్ తాగాననే అనుకుంటున్నాడు."

నిజం చెప్పిన రోజు బయట వాన. సెమినార్ హాలు నవ్వులతో హోరెత్తింది. పీపా రుచి కనిపెట్టినవాడు లేచి, "కొంచెమైనా కలిపుంటారు, నా నాలుక అబద్ధం చెప్పదు" అని పట్టుబట్టాడు. ఆ గొడవలో వెనక తలుపు మెల్లగా తెరుచుకోవడం డాక్టరమ్మ ఒక్కతే చూసింది.

ముని సైకిల్ స్టాండులో దొరికాడు. వాన అతన్ని కదలనివ్వలేదు. ఆమె మనసులోనే వానకి థాంక్స్ చెప్పుకుంది.

"మరి నాకు తలనొప్పి ఎందుకొచ్చింది?" అన్నాడు ముని, సైకిల్ బెల్లుకేసి చూస్తూ.

"అది మీ సొంతం."

"స్తంభానికి దణ్ణం?"

"అదీ మీ సొంతమే."

ముని బెల్లు ఒకసారి మోగించాడు. "అయితే ఆ మాటలు..."

"ఎవరివో మీరే తేల్చాలి. వైన్ మాత్రం ఒప్పుకోవడం లేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ థీసిస్‌లో అన్నీ రాసేస్తారా?"

"మిమ్మల్ని తీసేశాను."

"అంత పనికిరాకుండా పోయానా?" నిజంగానే నొచ్చుకున్నాడు.

"పరిశోధన చేసేవాళ్ళకి మనిషి మీద ఇష్టం ఉంటే, ఆ మనిషి లెక్కలోకి రాడు. అది రూలు."

ముని ఆ మాటని రెండుసార్లు లోపల చదువుకున్నట్టున్నాడు. ఆ వైన్ రోజు తర్వాత మొదటిసారి తలెత్తి ఆమెని చూశాడు.

"ఒక్క గ్లాసు తాగితే గానీ..."

"వైనా?" డాక్టరమ్మ నవ్వింది.

"మంచినీళ్ళండీ. ఈసారి చెప్పేది నేనేనని మీకు అనుమానం ఉండకూడదు."

ఆమె తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి ఇచ్చింది. అతను గటగటా తాగేసి, చేత్తో మూతి తుడుచుకుని, వాన హోరుని మించిన గొంతుతో చెప్పాడు. సైకిల్ స్టాండులో తల దాచుకున్నవాళ్ళంతా తిరిగి చూశారు.