రెండంగుళాల గాలి

మంగినపూడి రోడ్డులో మా షెడ్డు. మే నెల, మిట్టమధ్యాహ్నం. కొనేవాళ్లు సాయంత్రం చూడ్డానికి వస్తామన్నారని, సగం కట్టి వదిలేసిన రెండో విమానానికి దుమ్ము దులుపుతున్నాను. నా పేరు శ్రీహరి. బందరులో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను.

మొదటి విమానం ఇప్పుడు లేదు. ఒక్క మనిషి పట్టేది, పిస్టన్ ఇంజన్‌ది. ఆ రకంలో దేశంలోకెల్లా వేగంగా ఎగరాలని ఆరేళ్లపాటు దాని నమూనా గీశాను. నడిపింది క్రాంతి కుమార్.

"ఇంజన్ వేడెక్కిపోతోంది మాస్టారూ, చల్లగాలి వెళ్లే మూతి పెంచండి" అని వారం రోజులు చెప్పాడు. మూతి పెద్దదైతే ఎదురుగాలి పట్టి వేగం పడిపోతుంది. సరేనని తలూపి, అతనికి చెప్పకుండా రెండంగుళాలు తగ్గించాను.

రికార్డు వచ్చింది. మరు నిమిషంలో ఇంజన్ వేడికి పట్టేసి ఆగిపోయింది. క్రాంతి సముద్రంలో పడిపోయాడు.

విచారణలో "నేను పెట్టిన హద్దు దాటి నడిపాడండీ" అన్నాను. అతని భార్య దయామణి నా ఎదురుగానే కూర్చుని, తలవంచుకుని వింది. మూడేళ్లయింది.

కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగేసరికి షెడ్డంతా మూగబోయింది. ఎక్కడినుంచో కాలిన ఆయిల్ వాసన... ఈ విమానానికి ఇంకా ఇంజనే పెట్టలేదు.

టిక్... టిక్...

ఇనుము కాగుతున్న చప్పుడు. విమానం ముక్కు మీద చెయ్యి వేశాను. చుర్రుమంది. కాక్‌పిట్‌లో, ఏ తీగకీ కలపని ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది.

"మాస్టారూ..." చెవి పక్కనే, గుసగుసగా. "మూతి ఎంత పెట్టారు?"

"పెంచాను" అన్నాను.

చచ్చిపోయినవాడితోనూ అబద్ధమే!

ముల్లు ఎర్రగీత దాటింది.

"ఎంత... మాస్టారూ?"

"తగ్గించాను... రెండంగుళాలు. నేనే."

ముల్లు ఆగింది.

బొబ్బలెక్కిన చేత్తోనే బండి నడుపుకుంటూ గిలకలదిండిలో దయామణి ఇంటికి వెళ్లాను. వాళ్ల పాప అమ్మమ్మగారింట్లో ఉందట, దయామణి ఒక్కతే ఉంది. గుమ్మం బయటే నిలబడి అంతా చెప్పాను. తలెత్తలేకపోయాను.



"ఆ రోజే చెప్పి ఉంటే, మా పాప బళ్లో వాళ్ల నాన్న పేరు సిగ్గుపడకుండా చెప్పుకునేదండీ" అంది.

"విచారణ వాళ్లకి రేపే రాసిస్తానమ్మా" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆమె లోపలికి తిరిగి, మామూలుగా పిలిచింది.

"ఏమండీ... మాస్టారు ఒప్పుకున్నారు."

లోపల కుర్చీ వెనక్కి జరిగింది.