మూడో గదిలో రొప్పు

గుండె జబ్బుల మీద పరిశోధన చేసే భవనం వెనక గొర్రెల కొట్టం ఉంది. నాలుగు గదులు, ఒక్కోదాంట్లో ఒక్కో గొర్రె. మెడ దగ్గర చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, గుండెను అలిసిపోయేదాకా పరిగెత్తిస్తారు. అది బాగా నీరసించాక కొత్త మందులు ఇచ్చి చూస్తారు. మేత వేయడం, గదులు కడగడం, రోజూ డొక్క మీద చెయ్యి పెట్టి నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టి పలక మీద రాయడం కొట్టం చూసుకునే ఆయమ్మ పని.

“జబ్బు మనమే తెచ్చిపెట్టాం అక్కా. ఆయాసంతో మాత్రం చావనివ్వకూడదు. అరవై దాటిందంటే ఏ వేళైనా ఫోన్ చెయ్యి. వచ్చి, బాధ లేకుండా కన్నుమూసేలా మందు ఇచ్చేస్తా,” అనేది గొర్రెల్ని చూసే డాక్టరమ్మ.

ఒకసారి ఆయమ్మ ఫోన్ చేసింది కూడా. తీరా డాక్టరమ్మ వచ్చి చూస్తే ఏమీ లేదు. “గొర్రె ఆవలించినా ఆయమ్మకి కంగారే,” అన్నాడు కాపలాదారు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె తలెత్తలేకపోయింది.

అందుకే మొన్న సెలవునాడు మూడో గది గొర్రెకు అరవై నాలుగు వస్తే, ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. పలక మీద నలభై ఎనిమిది అని రాసింది.

తెల్లారేసరికి అది మెడ చాచి, నోరు తెరిచి, చచ్చి పడి ఉంది.

“నలభై ఎనిమిదేగా. నీ తప్పేముంది అక్కా,” అంది డాక్టరమ్మ. ఆ మాట అప్పట్నుంచీ ఆయమ్మను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఈ మధ్యాహ్నం ఆ ఖాళీ గది కడుగుతోంది. ఫినాయిలు వాసన. కాసేపటికి ఆ వాసనలోంచి తడిసిన ఊలు వాసన. ఆ తర్వాత చప్పుడు.

హు... హు... హు...

పక్క గదుల్లోకి తొంగిచూసింది. మిగతా మూడు గొర్రెలూ గోడకు అతుక్కుని నిలబడ్డాయి. కదలడం లేదు.

చప్పుడు ఇక్కడే... ఈ ఖాళీ మూలలోంచే. వద్దు వద్దనుకుంటూనే లెక్కపెట్టింది. యాభై... అరవై... అరవై నాలుగు. ఆగింది.

మళ్లీ మొదలైంది.

చీపురు అక్కడే పడేసి డాక్టరమ్మ గదికి పరిగెత్తింది.

“అరవై నాలుగమ్మా. నేనే తప్పు రాశాను. అది... ఇంకా రొప్పుతూనే ఉంది.”

“ఎందుకు రాశావక్కా అలా?”

“నవ్వుతారని.”

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలోంచి లేచి, “పద,” అంది.

కొట్టంలో చప్పుడు లేదు. మూడో గదిలో తడి నేల, చీపురు, అంతే. తప్పు కప్పిపుచ్చుకోడానికి కథ అల్లాననుకుంటుందేమోనని ఆయమ్మ సిగ్గుతో చితికిపోయింది.

చీపురు తీయడానికి డాక్టరమ్మ వంగింది. ఆమె చెయ్యి మోకాలెత్తులో, గాల్లోనే దేనికో తగిలినట్టు ఆగిపోయింది. ఇంక కిందికి దిగడం లేదు.

“అక్కా,” అంది గుసగుసగా. “ఇది... ఇంకా వెచ్చగానే ఉంది.”