నలభై ఏడో నెంబరు కార్డు

శనివారం పొద్దున ఆరు గంటలు. ఆళ్లగడ్డలో ఆదెమ్మ సద్ది కట్టుకుంటోంది. సంగటి ముద్ద, పైన ఇంత ఊరిబిండి పచ్చడి. మెడలో తాడుకు ప్లాస్టిక్ కార్డు వేలాడుతోంది. దాని మీద 47 అని అంకె. విత్తనాల షెడ్డులో శనగలు ఏరే అరవై నలుగురు ఆడవాళ్లకూ కంపెనీ ఇలాంటి కార్డులిచ్చింది. గంప నిండితే కాటా దగ్గరికి మోసుకుపోవాలి. కార్డు మిషనుకు చూపించి గంప పెట్టాలి. ఎవరి నెంబరు మీద ఎన్ని గంపలు పడ్డాయో మిషను రాసుకుంటుంది. మనిషి మాట నమ్మని కంపెనీ మిషను మాట నమ్ముతుంది.

గడప మీద కూతురు షాలిని ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. నంద్యాలలో ఎమ్మెస్సీ డేటా సైన్స్, ఆఖరి సెమిస్టరు. క్లాసులు లేవు. నాలుగు నెలలు ఏదో ఒక కంపెనీలో పనిచేసి, ఫారం మీద వాళ్లతో సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేకపోతే డిగ్రీ లేదు. కాలేజీ దీన్ని ప్లేస్‌మెంట్ అంటుంది. కంపెనీకి అది జీతం లేని పని.

కాలేజీ షాలినిని వేసింది ఇదే విత్తనాల కంపెనీ నంద్యాల ఆఫీసులో. తల్లి పనిచేసే షెడ్డు వాళ్లదే. ఆ మాట ఆమె ఆఫీసులో చెప్పలేదు. మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే కుట్టుపని అని చెప్పింది.

వచ్చే నెల షెడ్డుకు శనగలు ఏరే యంత్రం వస్తోంది. పదిహేనుమందిని తీసేయాలి. ఎవర్ని తీయాలో మనం చెప్పొద్దు, డేటా చెప్పాలి అన్నాడు మేనేజరు వినీత్. నాలుగు నెలల కాటా రికార్డు షాలినికి ఇచ్చి, అందరికన్నా నిదానంగా పనిచేసే పదిహేను నెంబర్లు సోమవారం పది గంటలకల్లా కావాలన్నాడు. బాగా చేస్తే ఉద్యోగం కూడా చూస్తామన్నాడు. శుక్రవారం సాయంత్రానికి లిస్టు తయారైంది. పన్నెండో వరుసలో 47 ఉంది.

షాలిని మూడుసార్లు లెక్క చూసుకుంది. తప్పు లేదు. ఒక్క మీట నొక్కితే ఆ అంకె పోతుంది, కానీ దాని చోటుకు ఇంకో తల్లి వస్తుంది. ఆ పని చేయకపోవడమే నిజాయితీ అనుకుంది. సోమవారం లోపల అమ్మే పని మానేస్తే ఎవరికీ అవమానం ఉండదనుకుంది.

"మా, ఈరోజు నుంచి షెడ్డుకు పోవద్దు," అంది.

ఆదెమ్మ తల ఎత్తలేదు. "ఏందీ, మీ ఆపీసోళ్లకు తెలిసిపోయినాదా, మీ అమ్మ బట్టలు కుట్టదని?"

ఆఫీసులో షాలినితో పనిచేసే రమ్య, ఫోన్లో ఫొటో చూసిన గుర్తుతో నెల కిందటే బస్టాండులో కనబడి ఆదెమ్మను పలకరించిందట. కుట్టుపని ఎట్లుంది ఆంటీ అని అడిగిందట. ఆదెమ్మ బాగుందమ్మా అని చెప్పి వచ్చేసింది. నెల రోజులు ఆ సంగతి కడుపులో పెట్టుకుంది.

అది కాదని షాలిని నడుం నొప్పి గురించి మాట్లాడింది. దుమ్ము, దగ్గు గురించి మాట్లాడింది. తనకు ఉద్యోగం వస్తుందంది. వచ్చినప్పుడు చూద్దాంలే అని ఆదెమ్మ చెప్పుల కోసం లేచింది. బయట ఆటో తుడుస్తున్న తండ్రి శాంతయ్య, పొద్దున్నే ఈ పంచాయితీ ఎందుకని కసురుకున్నాడు. అప్పుడు షాలిని దాచుకున్నది కక్కేసింది.

"నువ్వు నిదానం మా. లెక్కలో అట్లే వచ్చినాది. నువ్వు మానకుంటే వాళ్లే తీసేస్తారు. ఆ లిస్టు రాసింది నేనే."

శాంతయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆదెమ్మ కూతురి వైపు తేరిపార చూసింది.

"పందొమ్మిదేండ్లు చాట పట్టినా. నన్ను నిదానం అన్నోళ్లు షెడ్డులో లేరు. నా ఇంట్లోనే పుట్టినారు."

షాలిని ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. చాలామంది రోజుకు తొమ్మిది గంపలు. 47 మాత్రం ఆరు. ఆదెమ్మకు అంకెలు తెలుసు. ఆ ఆరు వైపు చాలాసేపు చూసింది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. సద్ది గిన్నె అక్కడే ఉండిపోయింది.

"మీ అమ్మ పని చేసేది ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు శాంతయ్య.

"నాలుగు నెలల రికార్డు చూసినా నాయనా."

"నేనడిగింది అది కాదు. ఎక్కు ఆటో."

షెడ్డు శిరివెళ్ల రోడ్డు మీద ఉంది. లోపల దుమ్ము పొగలాగా లేస్తోంది. ఆడవాళ్లు నాలుగు వరుసల్లో కూర్చుని చాటలు కదుపుతున్నారు. తాలు ఒక పక్కకు, పుచ్చులు ఒక పక్కకు, రాళ్లు ఇంకో పక్కకు. షాలిని తలుపు పక్కన నిలబడి ఫోన్లో టైము చూస్తూ లెక్కపెట్టింది. తల్లి వరుసలో అందరికన్నా ముందు గంప నింపింది ఆదెమ్మే. మరి ఆరు ఎట్లా వచ్చాయి?

ఆదెమ్మ గంప ఎత్తుకుని కాటా దగ్గరికి వెళ్లింది. మెడలో కార్డు ముట్టుకోలేదు. బొడ్లో దోపుకున్న ఇంకో కార్డు తీసి మిషనుకు చూపించింది. తెర మీద 31 వెలిగింది.

31 అక్తర్ బేగంది. ఆదెమ్మ పక్కనే కూర్చుంటుంది. రంజాను నెలలో జారిపడి మణికట్టు విరిగింది. కట్టు విప్పినా కుడిచేతి వేళ్లు వంగడం లేదు. ఎడమ చేత్తో ఒక్కొక్క గింజా ఏరుతోంది. షాలిని లెక్కలో మాత్రం ఆమెకూ రోజుకు తొమ్మిది గంపలున్నాయి.

షాలిని తల్లిని కొళాయి దగ్గరికి పిలిచి, ఇది మోసం అంది.

"ఎవరికి మోసం?" అంది ఆదెమ్మ. "గంప గంపే గదా. కంపెనీకి ఒక్క గింజ తక్కువైనాదా? నువ్వు ఇంటరు చదివేటప్పుడు నాకు గర్భసంచి ఆపరేషనాయ. రెండు నెలలు మంచంలో ఉండా. నా పేరు మీద గంపలు పోసిందెవరనుకుంటివి? ఆ అక్తరక్కే. నువ్వు తిన్న సంగటి ఆమె ఏరిన సంగటే."

షెడ్డులో దీన్ని బదులు గంప అంటారని అప్పుడు చెప్పింది. కాన్పయినా, జ్వరం వచ్చినా, మొగుడు చచ్చినా, ఆ మనిషి పేరు మీద మిగతావాళ్లు గంపలు పోస్తారు. మునుపు మేస్త్రీ నోటుబుక్కులో రాసుకునేటప్పుడూ ఇదే పద్ధతి. కార్డులొస్తే ఆగిపోతుందని కంపెనీ అనుకుంది. వీళ్లు గంపతోపాటు కార్డునూ మోశారు, అంతే.

షాలిని తన లిస్టు తెరిచి ఒక్కొక్క నెంబరే అడిగింది. ఇరవై రెండు? నెలలు నిండిన కోడలికి పోస్తోంది. యాభై ఎనిమిది? ముసలి అక్కకు పోస్తోంది. పదిహేనులో తొమ్మిది నెంబర్లు ఇట్లాంటివే. నిదానం అని తాను గీత గీసిన చోట ఉన్నది ఇద్దరి పని చేసే ఆడవాళ్లు. నిజం చెబితే 31 పోతుంది. చెప్పకపోతే 47 పోతుంది.

"నన్నే తీసెయ్," అంది ఆదెమ్మ. "నేను ఇంకో షెడ్డు చూసుకుంటా. ఆ చెయ్యి చూసి అక్తరక్కను ఎవరు పిలుస్తారు? నీ సంతకం నీకు వస్తాది."

షాలిని ఫోన్ తీసింది. స్పీకరు పెట్టి వినీత్‌కు చేసింది.

"సార్, ఆ లిస్టు నేను ఇవ్వలేను. మిషను రాసింది నెంబర్లను. ఎవరి చేతులు ఏరినాయో అది రాయలేదు. దాన్ని చూసి మనుషుల్ని తీసేయడం తప్పు."

నీకెట్లా తెలుసని అతను అడిగాడు. షాలిని తల్లి ముఖం చూస్తూ జవాబిచ్చింది.

"నలభై ఏడు మా అమ్మ సార్. కుట్టుపని అని మీకు అబద్ధం చెప్పినా."

వినీత్ గొంతు మారింది. సొంతవాళ్లున్న పని ముందే చెప్పాల్సిందన్నాడు. ఆ ఫైలు రమ్యకు ఇస్తానన్నాడు. ఫారం మీద సంతకం మాత్రం ఆశపెట్టుకోవద్దన్నాడు. ఫోన్ కట్టయింది.

అక్తర్ బేగం ఎప్పుడొచ్చిందో వెనకే నిలబడి ఉంది. "ఇంకో పిల్ల రాసినా ఇదే వస్తాది గదా ఆదెమ్మా. సోమవారం నేనే పోతా నంద్యాలకు. నా చెయ్యి నేనే చూపిస్తా. నువ్వు దాచింది చాలు."

"నువ్వొక్కదానివే పోతే షెడ్డు నడుస్తాది," అంది వరుసలోంచి ఒకామె. "అందరం పోదాం. ఆగిపోనీ ఒకరోజు."

సోమవారం ఎనిమిది గంటల బస్సు షెడ్డు ఆడవాళ్లతో నిండిపోయింది. మిగిలినవాళ్లు శాంతయ్య ఆటోలోనూ, అతని స్నేహితుల ఆటోల్లోనూ వచ్చారు. నంద్యాలలో ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ కదల్లేదు. అరగంటకు వినీత్ కిందికి దిగాడు. అక్తర్ బేగం తన కుడిచెయ్యి చాపింది.

"నాలుగు నెలలుగా ఈ చెయ్యి తొమ్మిది గంపలు ఏరినట్లు మీ మిషను చెప్తాంది నాయనా. ముందు నన్ను తీసి, తర్వాత ఎవర్నన్నా తీయి."

వినీత్ ఆ చెయ్యి చూశాడు. గేటు బయట నిలబడ్డ అరవైమందినీ చూశాడు. పైవాళ్లతో మాట్లాడేదాకా లిస్టు ఆపుతానన్నాడు. అంతకుమించి మాట ఇవ్వలేదు. లోపలికి పోయి, షాలిని ఫారం వాచ్‌మన్ చేత పంపించాడు. సంతకం చోట ఖాళీ.

"డిగ్రీ పోయినాది గదమ్మీ," అంది ఆదెమ్మ.

"పోలేదు మా. ఇంకో కంపెనీలో చేయాల. ఆరు నెలలు ఎనక్కి పోయినా, అంతే."

ఆదెమ్మ ఆఫీసు మెట్టు మీద కూలబడింది. తనను తీసేస్తారంటే కంటతడి పెట్టని మనిషి, కూతురి కాగితం మీద ఖాళీ చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. షాలిని వచ్చి పక్కన కూర్చుంది. అద్దాల వెనక నుంచి రమ్యా, మిగతా ఆఫీసువాళ్లూ తొంగిచూస్తున్నారు. చూడనీ అనుకుంది. తల్లి భుజం మీద తల పెట్టుకుని, అందరూ చూస్తుండగానే తనూ ఏడ్చింది.