దూది మిల్లులో రెండో గొంతు

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పోతుంటే, హైవేకి కాస్త లోపలగా, మూతబడ్డ జిన్నింగు మిల్లు, పత్తిలోంచి గింజ తీసేది, ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు టైరు పంచరైనా లారీవాడు ఆపడు. రిమ్ము మీదే ఈడ్చుకుపోతాడు.

ఎందుకంటే — అక్కడ పాడకూడదు. కూనిరాగం కూడా తీయకూడదు. తీస్తే లోపల్నించి ఒక ఆడగొంతు, మెల్లగా... "మళ్ళీ..." అంటుందట.

సామ్రాజ్యం అని, ఆ మిల్లులో పత్తిలో చెత్త ఏరే మనిషి ఉండేది. తనకి పాట రాదు గానీ పాటంటే ప్రాణం. పక్కన ఎవరు పాడినా, అయిపోగానే "మళ్ళీ" అనేది. దూది దుమ్ము పీల్చి పీల్చి, దగ్గి దగ్గి పోయింది. మిల్లు మూసేటప్పుడు ఓనరు నష్టాలన్నీ ఆవిడ దెయ్యం మీదకే తోసేశాడు. దెయ్యం ఎదురు చెప్పదు గదా.

అలాంటి చోట వీరాంజనేయులు రికార్డింగు స్టూడియో పెట్టాడు.

హైదరాబాదులో కొన్నాళ్ళు ఎవరి స్టూడియోలోనో పనిచేసి, జుట్టు పెంచుకుని తిరిగొచ్చినవాడతను. దూది బేళ్ళు దాచిన గది గోడలు మందంగా ఉన్నాయని అద్దెకు తీసుకున్నాడు. వాటికి గోనెసంచులు కొట్టి, లోపల పాత దూది కూరి, పైన నల్ల స్పాంజి అంటించాడు. కిటికీలన్నీ ఇటుకలతో మూసేశాడు. చప్పుడు చొరబడదు. గాలి కూడా చొరబడదు.

"అక్కడ దెయ్యం ఉందిట గదన్నా?" అని ఎవరైనా అడిగితే, "ఉండనీ. నా గది సౌండ్‌ప్రూఫు," అనేవాడు.

ఆ గదికి శివనాగరాజు వచ్చాడు.

మార్టూరు దగ్గర పల్లె అతనిది. పొద్దున్నే ఆటోలో ఉల్లిపాయలేసుకుని ఊళ్ళు తిరుగుతాడు. అందరిలా అరుపు రికార్డు చేసి పెట్టుకోడు, మైకు పట్టుకుని తనే పాడతాడు. సాయంత్రాలు సొంతంగా పాటలు కడతాడు. సినిమావాళ్ళూ పిలవలేదు, కంపెనీలూ పిలవలేదు కాబట్టి తను ఇండిపెండెంట్ మ్యుజీషియన్ననేవాడు. ఊళ్ళో మాత్రం ఉల్లిపాయల నాగరాజే.

ఇప్పటిదాకా నెట్లో పెట్టిన పాటలన్నీ జనం ఫోనుల్లో ఎక్కడో మునిగిపోయాయి. పెళ్ళాం భానుశ్రీతో ఒప్పందం కుదిరింది. ఇదే ఆఖరి పాట. ఇదీ మునిగితే ఆమె అన్న చూపించిన స్పిన్నింగు మిల్లులో నైటు షిఫ్టుకి చేరాలి. ఇక పాట మాటెత్తకూడదు.

ఆ ఆఖరి పాట భానుశ్రీదే. ఆమె కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీయడానికి పోతుంది. ఇంటికొచ్చి ఎంత కడిగినా చేతుల మంట పోదు. పిల్ల ఎదురు పరిగెత్తుకొస్తే చేతులు వెనక్కి దాచుకుని, మోచేత్తో బుగ్గ నిమురుతుంది. నాగరాజు దాన్ని పాట కట్టాడు.

"చేతులు మండుతున్నాయ్ చిట్టితల్లీ — చెంప దాచుకో
ముద్దు మోచేత్తో పెడతా — లెక్క రాసుకో..."

పగలంతా నాగరాజుకి ఉల్లిపాయల బేరం. అందుకని రికార్డింగు రాత్రిళ్ళే.

మొదటి రాత్రి వీరాంజనేయులు, "ఊరికే ఒకసారి మొత్తం పాడెయ్ తమ్ముడూ, మనకి దారి తెలియడానికి. తర్వాత తీసి పారేసేదేలే," అన్నాడు. నాగరాజు కళ్ళు మూసుకుని పాడేశాడు. అవగానే, మిషను ఆపకుండానే, ఇద్దరూ దాబాలో టీ తాగడానికి పోయారు.

మర్నాటి నుంచి మొదలైంది అసలు రికార్డింగు.

"వన్ మోర్," అన్నాడు వీరాంజనేయులు. పాడాడు. "వన్ మోర్." మళ్ళీ పాడాడు. "గొంతులో మట్టి ఎక్కువైంది తమ్ముడూ."

"జానపదం అన్నావు గదన్నా, మట్టి ఉండొద్దా?"

"ఉండాలి. కడిగిన మట్టి ఉండాలి."

లైను లైనుగా పాడించాడు. తర్వాత మాట మాటగా. ఆ తర్వాత ముక్క ముక్కగా. ఒక రాత్రంతా నాగరాజు "మం" అన్నాడు. మర్నాటి రాత్రి "డు" అన్నాడు. వీరాంజనేయులు వాటిని కంప్యూటర్లో అతికించి, ఇస్త్రీ చేసి, కింద డప్పు పెట్టాడు. డప్పు మీద ఏదో అమెరికా డప్పు పెట్టాడు. "ముద్దు" అనే చోట కుక్కరు ఈల లాంటిది ఒకటి ఊదించాడు.

"ఇది డ్రాప్. జనం ఇక్కడ ఎగురుతారు."

"తల్లి పిల్లని నిమిరే చోటన్నా ఇది."

"అందుకే! ఎమోషన్‌తో ఎగురుతారు."

నాగరాజు విన్నాడు. గొంతు గాజులా నున్నగా ఉంది. ఊపిరి తీసుకున్న చోటే లేదు. ఇదే నా అసలు గొంతేమో, ఇన్నాళ్ళూ తెలియలేదు, అనుకున్నాడు. విని విని అలవాటు పడ్డాడు. భానుశ్రీకి ఫోన్లో వినిపిస్తే "ఊఁ" అని ఊరుకుంది. బాగుందనే అనుకున్నాడు.

ఆఖరి రాత్రి వచ్చింది.

ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట మొదటినుంచీ వింటున్నారు. గాజు గొంతు పోతోంది. డప్పు పోతోంది. అంతా బాగానే ఉంది...

అడుగున ఇంకెవరో పాడుతున్నారు.

"అన్నా..."

"మాట్లాడకు. నాకూ వినబడుతోంది."

వీరాంజనేయులు డప్పు తగ్గించాడు. అది తగ్గలేదు. ఈల తీసేశాడు. అది పోలేదు. బొంగురుగా, మొరటుగా, అరక్షణం వెనకగా — వాళ్ళ పాటే పాడుతోంది. మధ్యమధ్య ఊపిరి పీలుస్తోంది.

ఊపిరి!

"నీదా?" అన్నాడు వీరాంజనేయులు గుసగుసగా.

"నాది కాదన్నా. నాది ఇదిగో, పైన నున్నగా పోయేది."

"మరి... ఆవిడేనా?"

"ఆవిడది ఆడగొంతు గదన్నా?"

"చచ్చాక గొంతు మారదా ఏంటి!"

ఇద్దరూ ఒకేసారి గోడవైపు చూశారు. స్పాంజి చిరిగిన చోట పాత దూది తెల్లగా బయటికొచ్చి ఉంది. సామ్రాజ్యం ఏరిన దూదేనేమో...

దెయ్యానికి కూడా సౌండ్‌ప్రూఫన్న మొనగాడే ముందు తేలిపోయాడు. "పాటకి దిష్టి తగిలింది తమ్ముడూ. తీయించాలి. మీ ఆవిణ్ణి పిలువు."

నాగరాజు ఫోను చేశాడు. "భానూ, గుప్పెడు ఎండుమిరపకాయలు, కాస్త గళ్ళుప్పు పట్రా."

"అక్కడ పచ్చడి నూరుతున్నారా?"

"దిష్టి తియ్యాలే."

"ఎవరికి?"

"మైకుకి."

అవతల స్కూటీ తాళాలు తీసిన చప్పుడు. "వస్తున్నా," అంది.

పిల్లని అత్త దగ్గర పడుకోబెట్టి స్కూటీ మీద వచ్చింది భానుశ్రీ. మైకు చుట్టూ మిరపకాయలు తిప్పింది. "బయట కాలుద్దాం పదండి," అంది.

"దెయ్యం లోపలుంటే బయట కాల్చి ఏం లాభమమ్మా?" అన్నాడు వీరాంజనేయులు. "తలుపెయ్యి. పిసరంత పొగ కూడా బయటికి పోకూడదు."

మిరపకాయ కాలిస్తే ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు అంటారు. ఆ శాస్త్రం రాసినవాడు మన వైపు వాడు కాదు. మన మిరపకాయ దిష్టున్నా ఘాటే, లేకున్నా ఘాటే. పైగా ఆమె తెచ్చింది అన్నిట్లోకీ ఘాటైన తేజ రకం. పైగా గాలి చొరబడని గది. దాబాలోంచి తెచ్చిన ఇనప మూకుట్లో నిప్పుల మీద పడ్డాయి గుప్పెడు కాయలు —

అంతే.

ముగ్గురికీ ఒకటే దగ్గు. కళ్ళు కనబడవు. వీరాంజనేయులు నీళ్ళ సీసా కోసం తడుముకుంటూ పోయి కంప్యూటర్ మీద బోర్లా పడ్డాడు. ఏ మీట నొక్కుకుందో గానీ, పాట పెద్ద స్పీకర్లలో మొదలైంది. ఆ వెంటనే ఇంకేదో నొక్కుకుంది...

డప్పు ఆగిపోయింది. ఈల ఆగిపోయింది. గాజు గొంతు ఆగిపోయింది.

అదొక్కటే మిగిలింది.

పెద్ద స్పీకర్లలోంచి, గది నిండా, పొగలోంచి — "చేతులు మండుతున్నాయ్ చిట్టితల్లీ..."

మగవాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ తలుపు తోసుకుని బయటపడ్డారు. వీరాంజనేయులు మెట్ల మీద కూలబడి తన పేరున్న దేవుణ్ణే తలుచుకోవడం మొదలెట్టాడు. అప్పుడు చూసుకున్నాడు నాగరాజు. భాను రాలేదు.

"భానూ!"

పలకలేదు. తువ్వాలు ముక్కుకి కట్టుకుని లోపలికి దూరాడు.

ఆమె పాత బేలు మీద కూర్చుని ఉంది. కొంగు ముక్కుకి అడ్డం. కళ్ళ వెంట ధారలు.

"లేవే! సామ్రాజ్యం పాడుతోంది!"

"నీ మొహం. నువ్వేగా పాడేది."

"నేనా?"

"మరెవరు? పొద్దున్నే వీధి మొదట్లో ఉల్లిపాయలంటావే, ఆ గొంతే. 'చిట్టితల్లీ' అనే ముందు ఊపిరి బిగబడతావు చూడు, అదిగో... నీ గొంతుకి నువ్వే పారిపోతావా?"

నాగరాజు నిలబడిపోయాడు. విన్నాడు. ఎక్కడో విన్న గొంతే. చాలా కాలం కింద పోయిన చుట్టం ఎదురొచ్చినట్టుంది.

"మొన్న ఫోన్లో వినిపించావే, ఆ నున్నటివాడు! వాడెవడో అనుకున్నా," అంది భానుశ్రీ. "పరాయివాడి నోట నా పిల్ల ముద్దేంటి అని, పైకి అనలేక ఊరుకున్నా."

తెరిచిన తలుపులోంచి పొగ కాస్త పోయాక వీరాంజనేయులు వచ్చి కంప్యూటర్ చూశాడు. తల పట్టుకున్నాడు. "మొదటి రాత్రిది తమ్ముడూ! దారి కోసం పాడించింది. తీసెయ్యడం మర్చిపోయా. ఇన్నాళ్ళూ అడుగున నొక్కిపెట్టి ఉంది, ఇవాళ అన్నీ కలిపేసరికి పైకొచ్చింది. ఉండు, ఇప్పుడే తీసేస్తా —"

"దాన్ని ముట్టుకున్నావంటే," అంది భానుశ్రీ రెండు అరచేతులూ చూపించి, "ఈ చేతులతో నీ కళ్ళు తుడుస్తా. అది ఉంచు. మిగతావన్నీ తీసెయ్."

వీరాంజనేయులు వెనక్కి జరిగాడు. ఒక్క నిమిషంలోనే తేరుకున్నాడు. "నేనూ అదే అనుకుంటున్నా. దీన్ని రా వోకల్ అంటారు, పచ్చి గొంతన్నమాట. కావాలనే అలా పెట్టానని చెబుదాం."

పాట అయిపోయింది. స్పీకర్లలో చెప్పుల చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. ఇద్దరూ టీకి పోయిన చప్పుడది. ఆ తర్వాత ఏమీ లేదు... ఖాళీ గది.

"ఇంకేముంది," అని ఆపబోయాడు వీరాంజనేయులు.

స్పీకర్లో ఎవరో దగ్గారు.

చిన్న పొడిదగ్గు. దూదిలో నోరు పెట్టి దగ్గినట్టు. ఆ వెంటనే, మెల్లగా, ముచ్చటగా —

"మళ్ళీ..."

మూకుట్లో నిప్పు చిటపటమంది.

"అమ్మా... మొదటి రాత్రి నువ్వొచ్చావా?" అన్నాడు వీరాంజనేయులు. భానుశ్రీ వైపు తిరిగాడు.

"ఈ గడప తొక్కడం ఇదే మొదలన్నా."

నాగరాజు మైకు వైపు చూశాడు. ఇన్ని రాత్రుల్లో వన్ మోర్ అన్నవాడున్నాడు గానీ, మళ్ళీ అని అడిగినవాళ్ళు లేరు.

"సోమవారం షిఫ్టుకి రమ్మన్నాడు మీ అన్న..." అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

భానుశ్రీ కొంగుతో మొహం తుడుచుకుంది. పక్కకి జరిగి, బేలు మీద తన పక్కన ఇంకొకరికి చోటిచ్చింది.

"మా అన్న సంగతి నేను చూసుకుంటా. పెద్దావిడ అడుగుతోంది. పాడు."

వీరాంజనేయులు మిషను ఆన్ చేసి, పోయి గుమ్మం బయట నిలబడ్డాడు. నాగరాజు మైకు ముందుకెళ్ళాడు.

ఈసారి కళ్ళు మాత్రం మూసుకోలేదు.