వెనుక వరుసకు నీళ్లు

"నా కొలువు పోతది మేడం! పిల్లలకు ఏం బెట్టాలె?" భాగ్యవతి ఏడుస్తూనే వచ్చింది. బాన్సువాడ కూరగాయల అంగడిలో అమ్మకందార్ల దగ్గర తైబజారు పన్ను వసూలు చేసేది ఆమే. ఆ పన్నుతో కొన్న పొడవాటి నీళ్ల పైపు తెల్లారేసరికి మాయమైంది. ఆమే అమ్ముకుందని టమాటాలు అమ్మే భీంరావు నింద వేశాడు. సాయంత్రంలోగా పైపు దొరక్కపోతే పని మానేయమన్నాడు అంగడి పన్ను గుత్తేదారు.

డిటెక్టివ్ వైశాలి వెంటనే బయల్దేరింది. వెంట సహాయకుడు బాలరాజ్. మేడం ఊ అంటే కేసు తేలిపోయినట్టేనని ఆయన నమ్మకం!

ఎండ మాడ్చేస్తోంది. ముందు వరుసలో, నల్లా గద్దె పక్కనే భీంరావు టమాటాల కుప్ప.

"నిన్న ఆఖరికి పోయింది గామెనే. ఇంకెవలు తీస్తరు?" అన్నాడు.

"వెనుక వరుసకు నీళ్లెలా?" అడిగింది వైశాలి.

"గంత దూరం పైపు ఎవలు గుంజుతరు?"

వైశాలి గద్దె చుట్టూ తిరిగింది. వెనుకవైపూ ఓ నల్లా ఉంది, దానికి గోనెసంచి కప్పి ఉంది. అక్కడి నుంచి నడిచే దారి పొడవునా సంచులే పరిచి ఉన్నాయి.

"బురద కదా మేడం," అన్నాడు బాలరాజ్.

"ఈ ఎండలోనా?"

వెనుక వరుస చివర, తండా నుంచి వచ్చిన హేమ్లి కొత్తిమీర అమ్ముతోంది. పైపు లేక ముందు వరుసలోనూ ఆకులు వాడుతుంటే, ఆమెది నవనవలాడుతోంది.

"ఎక్కడి నీళ్లవ్వా?"

"ఇంటికాడికెళ్లి బిందెల తెచ్చిన."

బిందె ఎక్కడా కనిపించలేదు.

వైశాలి గుత్తేదారుతో సహా అందరినీ గద్దె దగ్గరికి పిలిచి, ఒక సంచి లేపింది. కొత్తగా తవ్విన మట్టి. కింద ఆకుపచ్చ పైపు!

"పైపు అంగడి దాటలేదు. వెనుక నల్లా నుంచి వెనుక వరుసకు పోయింది. నీళ్లు అందిన ఆకు ఒక్కరి దగ్గరే ఉంది. బిందెలో తెచ్చానన్నారు, బిందె లేదు."

హేమ్లి ముందుకొచ్చింది. "నేనే తెల్లారగట్ల పాతిన. పన్ను అందరం కడ్తం, నీళ్లు మాత్రం ముందటోళ్లకే! పగటికి ఆకు వాడితే అగ్గువకు ఇడిచి పోతం. నీ మీదికొస్తదని ఎర్కలే, బిడ్డా."

"నన్నడగకపోతివా అవ్వా?" అంది భాగ్యవతి.

"నీ తిప్పలే నీకున్నయి."

"పీకుండ్రి దాన్ని!" అరిచాడు భీంరావు.

"పీకొద్దు!" భాగ్యవతి అడ్డం నిలబడింది. "గా పైపు వాళ్ల పైసలతోటి గూడ కొన్నదే."

"నిజమే," అంది వైశాలి గుత్తేదారుతో. "ఆకు బాగుంటేనే గిరాకీ. గిరాకీ ఉంటేనే మీ పన్ను. తీసుకున్న చోటికి కొంత తిరిగి పోకపోతే అంగడే ఎండిపోతుంది."

గుత్తేదారు తల గోక్కున్నాడు. వెనుక వరుసలో వసూలు రోజురోజుకీ తగ్గుతోందని అతనికీ తెలుసు. "ఉండనీ తియ్. భాగ్యవ్వా, పోయి వసూలు జెయ్యి."

భాగ్యవతి గుండె తేలికపడింది. కళ్లు తుడుచుకుని వెనుక వరుసకు నడిచింది. పన్ను కట్టడానికి ఎప్పుడూ బతిమాలించుకునే హేమ్లి ఈసారి కొంగుముడి తానే విప్పింది.

"చీటి రాయి బిడ్డా. గియ్యాల సంతోషంగ ఇస్తున్న."