కొల్లేట్లో నానిన క్లారినెట్

"దోనెకి పగులొస్తే ఏం చేస్తామండీ? నీళ్లల్లో ముంచుతాం. చెక్క ఉబ్బి పగులు పూడుకుంటుంది. దీనికీ అదే చేశానండీ," అన్నాడు యోబు.

మా నాన్న పేతురుగారి చేతిలో ఉలి జారిపోయింది. ఇది పంతొమ్మిది వందల ముప్ఫయ్యారు నాటి మాట. ఏలూరులో వాయిద్యాల చెక్కపని అంటే నాన్నదే. ఆయన ముందున్నది కొల్లేటి లంకలో చర్చి బ్యాండు వారి క్లారినెట్. దాన్ని వాయించేది యోబు. రెండు రోజులు కొల్లేట్లో నానిందట!

నాకు నవ్వాగలేదు. "ఏవండీ, చేపలేమైనా పడ్డాయా?"

"లేదండీ. తాబేలొకటి వచ్చి చూసి వెళ్లిందండీ."

ఆ జవాబుకే, మనవరాళ్లూ, నేను సగం పడిపోయాను.

"ఈస్టరుకి మోగకపోతే పాస్టరుగారు దీన్ని వేరేవాళ్లకి ఇచ్చేస్తారండీ," అన్నాడు యోబు, ఈసారి దిగులుగా.

నాన్న దాన్ని ఎండ తగలనివ్వకుండా ఊకలో పడుకోబెట్టి ఆరబెట్టారు. శనివారం శనివారం యోబు పడవలో వచ్చేవాడు.

"ఆరిందాండీ?"

"మిమ్మల్ని చూస్తే దానికి భయంతో చెమట పడుతోందండీ," అనేదాన్ని.

ఆరాక నాన్న నూనె పట్టించి, నల్లచెక్క పొడి కలిపిన లక్క పగుల్లో కూరారు. మీటల సందుల్లోంచి మైనం రాసిన పట్టుదారం బిగించి చుట్టింది నేనే. ఈస్టరు నాడు మొదటి కీర్తనకే పాస్టరుగారి కళ్లు చెమర్చాయట. చెప్పి వెళ్లాడు యోబు. అంతే, మళ్లీ రాలేదు.

నాన్న పని అంత గట్టిది. అదే నా కొంప ముంచింది. అది పగలదు, పగలకపోతే యోబు రాడు. నాలుగు శనివారాలు గుమ్మంలోనే బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను.

అయిదో శనివారం వచ్చాడు.

"మళ్లీ పగిలిందండీ!" అన్నాడు. మొహం చూస్తే పెళ్లివారిల్లులా ఉంది.

నాన్న వెలుతుర్లో పెట్టి చూశారు. పైనుంచి కిందిదాకా సన్నటి నల్లగీత. గోటితో గీకారు. పగులు కాస్తా ఊడి గోటికి వచ్చింది! లాగితే మూరన్నర పొడుగు. తుమ్మబంకతో అంటించిన వెంట్రుక.

నాన్న దాన్ని చూశారు. నా జడ చూశారు.

"ఇదెక్కడిది అబ్బాయ్?"

"అమ్మాయిగారు చుట్టిన దారంలో చిక్కుకుందండీ. పారెయ్యడానికి మనసొప్పలేదండీ," అన్నాడు నేల చూస్తూ.

నాన్న క్లారినెట్‌కి అంటిన బంకని తడిగుడ్డతో తుడిచారు. నా గుండె బ్యాండు వాయించేస్తోంది.

"మొన్న నీళ్లు, ఇవాళ బంక! నీ చేతుల్లో ఈ చెక్క బతకదు. కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి," అని నా వైపు తిరిగారు. "ఏమ్మా దేవకుమారీ, లంకలో ఉండగలవా?"

"ఉంటాను నాన్నా," అన్నాను. "నన్ను నానబెట్టనని మాటిస్తే."